బెంగళూరులో ఫ్లాటు సొంతంగా అమ్ముకుంటున్నారా? బ్రోకరుతో ఒప్పందం, కమీషన్ తేల్చుకునే పద్ధతి

"బ్రోకరుతో మనకేం పని, మనమే అమ్ముకుందాం" అనుకుని ఆదివారం పొద్దున పోర్టల్లో యాడ్ పెడతారు. సాయంత్రానికి పది ఫోన్లు వస్తే ఎనిమిది బ్రోకర్లవే. "పార్టీ రెడీ ఇద్దారె సార్, ఒక్కసారి చూపించండి చాలు" అంటూ సగం కన్నడ, సగం తెలుగు. చూస్తే పోయేదేముందని సరేనంటారు. రెండు నెలలకి ఫ్లాటు ఎవరో కొంటారు. అప్పుడు ముగ్గురు బ్రోకర్లు ఫోన్ చేసి "ఆ పార్టీ నాదే" అంటారు.

బ్రూక్‌ఫీల్డ్‌లో మా రెండు బెడ్రూముల ఫ్లాటు అమ్మాక, తెలిసినవాళ్లందరూ అడిగేది ఒకటే ప్రశ్న: బ్రోకరుకి ఎంతివ్వాలి? నన్నడిగితే ముందు అడగాల్సింది అది కాదు. ఎంత అన్నది రెండు నిమిషాల బేరం. ఏ పార్టీ, అంటే కొనే మనిషి, కొంటే ఇవ్వాలి, ఏ మొత్తం మీద ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి అనే మూడూ తేలకపోతేనే గొడవలొస్తాయి. ఈ మూడూ తాళం తీసి ఫ్లాటు చూపించకముందే కాగితం మీదికి రావాలి. ఆ పని ఏ వరసలో చేయాలో చెబుతాను.

1. ముందు మీ కాగితాలు మీ చేతిలో పెట్టుకోండి

కమీషన్ గురించి చెబుతూ కాగితాలు ఎందుకంటారా? కాగితాలు సిద్ధంగా లేని యజమాని దగ్గర బ్రోకరు కమీషన్‌తో ఆగడు. "ఖాతా నేను చేయిస్తా", "ఈసీ నేను తీయిస్తా" అని ఒక్కోదానికి ఒక్కో రేటు చెబుతాడు. ఆ పనుల్లో చాలావరకు మీరు ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు.

- మీ సేల్ డీడ్, దాని వెనకున్న పాత డీడ్ల కాపీలు
- ఇ-ఖాతా (కార్పొరేషన్ రికార్డుల్లో ఆస్తి మీ పేరున ఉందని చూపే ఆన్‌లైన్ పత్రం)
- రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్ నుంచి తీసిన తాజా ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)
- ఈ ఏడాది ఆస్తి పన్ను రసీదు, తాజా బెస్కామ్ కరెంటు బిల్లు
- అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లేఖ
- అపార్ట్‌మెంట్ ఓసీ (నివాసానికి అనుమతినిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కాపీ
- లోను ఉంటే, బ్యాంకు దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా, ఎంత కడితే లోను మూసుకుంటుందో చెప్పే స్టేట్‌మెంట్

వీటిలో ఆలస్యమయ్యేది ఇ-ఖాతా. 2024 చివరి నుంచి నగరంలో అది లేకుండా రిజిస్ట్రేషన్ జరగడం లేదు. 2025 సెప్టెంబరులో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ ఫ్లాటు ఇప్పుడు ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో కూడా చూసుకోండి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా సరిచేయించడానికి వారాలు పడుతుంది. ఈలోగా దొరికిన పార్టీ ఇంకో ఫ్లాటు చూసుకుంటుంది.

లోను ఉన్నవాళ్లకి ఒక మాట. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర బ్యాంకు జరిమానా వసూలు చేయకూడదు. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన, 2023 డిసెంబరు నుంచి. "బ్యాంకులో నాకు తెలిసినవాళ్లున్నారు, త్వరగా విడిపిస్తా" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇది గుర్తుంచుకోండి.

బ్రోకర్లకి ఇచ్చే ప్రతి జిరాక్సు మీద అడ్డంగా "అమ్మకం పరిశీలన కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. ఆధార్ కాపీ ఈ దశలో ఎవరికీ అవసరం లేదు.

2. మీ సొంత పార్టీల పట్టిక మొదలుపెట్టండి

మామూలు స్కూలు నోటుబుక్కు చాలు. తేదీ, పేరు, ఫోన్ చివరి నాలుగు అంకెలు, ఎలా తెలిసింది అనే నాలుగు గళ్లు గీయండి. పోర్టల్ నుంచి వచ్చిన ఫోన్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగినవాళ్లు, ఆఫీసులో ఆరా తీసినవాళ్లు, కింద ఫ్లోరులో అద్దెకున్నవాళ్లు, అందరూ ఇందులోకి రావాలి. బ్రోకరుతో మాట ఖాయమయ్యే రోజున ఈ పేజీ ఫోటో తీసి అతనికి వాట్సాప్‌లో పంపండి: "వీళ్లు ఇప్పటికే నాతో మాట్లాడుతున్నారు. వీళ్లలో ఎవరు కొన్నా కమీషన్ ఉండదు."

మా ఫ్లాటు చివరికి కొన్నాయన ఒక ఆదివారం మధ్యాహ్నం పోర్టల్ చూసి నాకే నేరుగా ఫోన్ చేశాడు. రేటు ఎక్కువని పెట్టేశాడు. పదకొండు రోజుల తర్వాత ఒక బ్రోకరు బైకు వెనక కూర్చుని అదే మనిషి వచ్చాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని ఇబ్బందిగా నవ్వుకున్నాం. బేరం కుదిరాక బ్రోకరు పూర్తి ఒక శాతం అడిగాడు. నోటుబుక్కు తెరిచి ఆ వరస మీద వేలు పెట్టాను. ఫోన్లో కాల్ లిస్టు కూడా చూపించాను. కాసేపు చూసి, "సరే అన్నా, మరి నేను తిరిగిన తిరుగుడు?" అన్నాడు. అదీ నిజమే. కొనేవాళ్ల బ్యాంకు వాల్యుయేషన్‌కి రెండుసార్లు తాళాలు తీసి నిలబడింది అతనే. 20,000 ఇచ్చాను, రసీదు రాయించుకున్నాను. ఆ నోటుబుక్కు లేకపోతే దాదాపు 90 వేలు ఇవ్వాల్సి వచ్చేది, అదీ తిట్టుకుంటూ.

3. ఏ రకం ఒప్పందమో ముందే తేల్చండి

మార్కెట్లో మూడు రకాలున్నాయి.

ఓపెన్: ఎంతమంది బ్రోకర్లకైనా చెప్పొచ్చు, మీరూ అమ్ముకోవచ్చు. ఎవరు పార్టీని తెచ్చి అమ్మకం పూర్తి చేయిస్తే వాళ్లకే కమీషన్. సొంతంగా అమ్ముకుందామనుకునేవాళ్లకి ఇదే సరైనది. చిక్కేమిటంటే పదిమందికి చెబితే అదే ఫ్లాటు పది రేట్లతో పది యాడ్లలో కనబడుతుంది, కొనేవాళ్లకి ఏదో తేడా ఉందనిపిస్తుంది. ఇద్దరు, మహా అయితే ముగ్గురు బ్రోకర్లు చాలు.

ఒక్కరికే ఇచ్చేది, కానీ మీకు హక్కు ఉంచుకునేది: వేరే బ్రోకరు ఉండడు, మీ అంతట మీరు పార్టీని తెచ్చుకుంటే మాత్రం కమీషన్ ఉండదు. బ్రోకరు నిజంగా యాడ్ల మీద ఖర్చు పెట్టేవాడైతే, 60 రోజుల గడువుతో ఇది నడుస్తుంది.

పూర్తి ఎక్స్‌క్లూజివ్: గడువులోపల ఎవరు కొన్నా, మీ తమ్ముడు కొన్నా, కమీషన్ ఇవ్వాల్సిందే. ఇక్కడే చాలామంది పడిపోతారు. రామ్మూర్తినగర్‌లో మా పిన్ని ఒక బ్రోకరు ఇచ్చిన అచ్చు ఫారం మీద చదవకుండా సంతకం పెట్టింది. ఆరు నెలల గడువు. పైగా గడువు అయిపోయాక ఇంకో ఏడాది దాకా "పరిచయమైన ఏ పార్టీ కొన్నా" కమీషన్ అని సన్న అక్షరాల్లో ఉంది. నాలుగో నెలలో ఇల్లు కొన్నది మా బాబాయి మేనల్లుడే. 76 లక్షల మీద రెండు శాతం, అంటే 1,52,000 కట్టమని లాయరు నోటీసు వచ్చింది. చివరికి 50 వేలకి తెగింది. "సంతకం పెట్టించుకుంటూ కాఫీ కూడా తాగి వెళ్లాడే" అని పిన్ని ఇప్పటికీ అంటుంది.

అచ్చు ఫారం ఇస్తే అక్కడికక్కడ సంతకం చేయకండి. "మా ఇంట్లోవాళ్లు చదవాలి, రేపిస్తాను" అనండి. వద్దనుకున్న వాక్యాన్ని కొట్టేసి పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు పెడితే సరిపోతుంది.

4. బ్రోకరు ఎవరో చూసుకోండి

ఇది చిన్న పనే. పేరు, ఆఫీసు చిరునామా, పాన్, ఉంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, జీఎస్టీ నంబరు తీసుకోండి. కర్ణాటక రెరా సైట్లో ఏజెంటు పేరుతో వెతకొచ్చు.

"రెరా నంబరు లేని బ్రోకరుకి కమీషన్ ఇవ్వక్కర్లేదట కదా" అని చాలామంది అంటారు. అంత సులువు కాదు. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 9 ఏజెంటు రిజిస్ట్రేషన్‌ని తప్పనిసరి చేసింది రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో బిల్డరు అమ్మే ఫ్లాట్లు, ప్లాట్ల విషయంలో. మీ పదేళ్ల పాత ఫ్లాటు రీసేల్ ఆ మాటల్లోకి నేరుగా రాదు. ఆ ధైర్యంతో ఎగ్గొట్టాలని చూడకండి. అయినా నంబరున్న మనిషైతే మంచిదే, రేపు గొడవొస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

5. కమీషన్ లెక్క కట్టండి

బెంగళూరు రీసేల్ ఫ్లాట్లలో అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒక్కో వైపు నుంచి ఒకటి, రెండు శాతం తీసుకోవడం వాడుక. ఇది మాట్లాడుకునే రేటే. 90 లక్షల ఫ్లాటుకి ఒక శాతం అంటే 90,000. బ్రోకరుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం, అంటే 16,200 అదనం. మొత్తం 1,06,200. కాబట్టి "వన్ పర్సెంట్" అన్నప్పుడే జీఎస్టీ కలిపా, విడిగానా అని అడగండి. నంబరు లేనివాడు జీఎస్టీ పేరుతో రూపాయి కూడా అడగకూడదు.

ఇప్పుడు కాస్త ఆలోచించాల్సిన విషయం. ఒక శాతం ఒప్పందంలో బ్రోకరు మీకోసం గట్టిగా బేరమాడి 88 లక్షల్ని 90 చేశాడనుకోండి. మీకు 2 లక్షలు ఎక్కువొస్తాయి, అతనికి పెరిగేది 2,000. ఆ రెండు వేల కోసం పార్టీ చేజారే ప్రమాదం ఎందుకు తెచ్చుకుంటాడు? అందుకే "సార్, 88కి ఇచ్చేయండి, మార్కెట్ డల్‌గా ఉంది" అంటాడు. అతన్ని తప్పుపట్టలేం. లెక్క అలా ఉంది మరి.

దానికి మందు మెట్ల రేటు. 88 లక్షల దాకా ముప్పావు శాతం, ఆ పైన వచ్చే ప్రతి రూపాయిలో 10 శాతం అని రాయండి. 90కి అమ్మితే 66,000, దానిమీద 20,000, కలిపి 86,000. మీకు 4,000 మిగిలింది. అతనికేమో 88కి బదులు 90కి అమ్మితే 2,000 కాకుండా 20,000 పెరుగుతుంది. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

దగ్గరికి కూడా రానివ్వకూడనిది నెట్ రేటు. "మీకు చేతికి 85 కావాలి, అంతేగా సార్? పైన ఎంతొచ్చినా నాది" అంటాడు. 90కి అమ్ముడైతే అతని వాటా 5 లక్షలు, అంటే ఐదున్నర శాతం పైన. కొనేవాళ్లతో మిమ్మల్ని కలవనివ్వడు, అసలు రేటు మీకు తెలియనివ్వడు. సేల్ డీడ్‌లో 85 రాద్దామా 90 రాద్దామా అనే పేచీ చివర్లో మీ నెత్తి మీదికే వస్తుంది.

కొనేవాళ్ల వైపు కమీషన్ మీ మీద వేసే ప్రయత్నాలూ ఉంటాయి. 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం నుంచి రెండు శాతమైంది. స్టాంపు డ్యూటీ, సెస్సులు కలిపి కొనేవాళ్లకి 45 లక్షలు దాటిన ఆస్తి మీద ఏడున్నర శాతం పైనే పడుతోంది. "ఇంత కడుతున్నాం, బ్రోకరుని మీరు చూసుకోండి" అంటారు. అది రేటు బేరంలో భాగం. ఒప్పుకోవాలనుకుంటే ధర పెంచి ఒప్పుకోండి.

6. ఒక్క పేజీ ఒప్పందం రాయండి

నోటి మాట కూడా చట్టం దృష్టిలో ఒప్పందమే, కాకపోతే రుజువు చేయలేక చస్తాం. ఇ-స్టాంపు కాగితం మీద రాసుకుంటే మేలు. అంత దూరం వద్దంటే వాట్సాప్‌లో రాసి అవతలివాళ్లతో "ఓకే, ఒప్పుకుంటున్నాను" అని జవాబు తెప్పించుకోండి. రాయాల్సినవి ఇవి.

పార్టీ ఎవరిదన్నది: "బ్రోకరు ఫ్లాటు చూపించడానికి ముందు కొనేవారి పేరు, ఫోన్ చివరి నాలుగు అంకెలు వాట్సాప్‌లో పంపాలి. నేను 'కొత్త పార్టీ' అని జవాబిస్తేనే ఆ పార్టీ బ్రోకరుదవుతుంది." ఈ ఒక్క వాక్యం సగం గొడవల్ని పుట్టకుండా ఆపుతుంది. ఇద్దరు బ్రోకర్లు ఒకే పార్టీని పంపితే ఎవరి మెసేజ్ ముందొచ్చిందో వాళ్లదే. బ్రోకరు వెనక ఇంకో బ్రోకరు ఉంటే వాళ్లు వాళ్లు పంచుకోవాలి, మీకు సంబంధం లేదని కూడా రాయండి.

ఏ మొత్తం మీద: "సేల్ డీడ్‌లో రాసిన ధర మీద" అని. ఫర్నిచర్, ఏసీలు, ఇన్వర్టర్ విడిగా 3 లక్షలకి ఇస్తే దాని మీద కమీషన్ లేదని స్పష్టంగా ఉండాలి.

ఎప్పుడు: భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 219 ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే అప్పగించిన పని పూర్తయ్యేదాకా ఏజెంటు ప్రతిఫలం బాకీ పడదు. తంటా ఆ "పని" ఏమిటన్నదే. పార్టీని తేవడంతో అయిపోయిందని బ్రోకరు అంటాడు, రిజిస్ట్రేషన్ అయితేనే అని మీరంటారు. కాబట్టి రాసేయండి: "సేల్ డీడ్ రిజిస్టరై, పూర్తి సొమ్ము నా ఖాతాలో పడ్డాకే కమీషన్." బ్రోకరు మరీ పట్టుబడితే సేల్ అగ్రిమెంటు నాడు నాలుగో వంతు, మిగతాది రిజిస్ట్రేషన్ నాడు. అంతకుమించి దిగకండి. టోకెన్ (బయానా) నాడు మాత్రం ఏమీ లేదు.

బేరం చెడిపోతే: కొనేవాళ్లు వెనక్కి వెళ్లి మీరు టోకెన్ ఉంచేసుకుంటే, అందులో సగం తనదే అనే బ్రోకర్లున్నారు. వాటా లేదని రాయండి. మీరే కారణం లేకుండా వెనక్కి తగ్గితే ఏమిటన్నదీ రాయడం న్యాయం. తిరుగుడు ఖర్చుకింద 10,000 లాంటి గుండుగుత్త మొత్తం పెట్టుకోండి.

గడువు: తేదీ వేసి 60 రోజులు. "దానంతట అదే పొడిగించబడదు" అని ఉండాలి. గడువు తర్వాత కూడా బ్రోకరు చూపించిన పార్టీ కొంటే కమీషన్ ఇవ్వడం సబబే. దానికి పేర్ల జాబితా, 60 లేదా 90 రోజుల హద్దు ఉండాలి. మధ్యలో మానుకోవాలంటే 7 రోజుల నోటీసు. గడువున్న ఒప్పందాన్ని తగిన కారణం లేకుండా మధ్యలో తెంచితే పరిహారం అడిగే వీలు అదే చట్టం సెక్షన్ 205లో ఉంది కాబట్టి ఈ నోటీసు వాక్యం వదలకండి.

రెండు వైపులా తీసుకుంటున్నాడా: తీసుకుంటే తప్పేం లేదు, ఇక్కడ అదే రివాజు. కానీ రాతలో చెప్పాలి. తనో తన బంధువో కొంటుంటే అదీ చెప్పాలి. చెప్పకుండా సొంత వ్యాపారం నడిపి సంపాదించిన లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చని సెక్షన్ 216 చెబుతోంది.

అధికారం హద్దు: ఫ్లాటు చూపించడం, బేరం కబురు చేరవేయడం వరకే. టోకెన్ తీసుకునే హక్కు, మీ తరఫున సంతకం చేసే హక్కు లేవు.

ఇక్కడే ఇంకో మాట. ఉద్యోగం మారి హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయినవాళ్లని "రావడం ఎందుకు సార్, జీపీఏ ఇచ్చేయండి" అని బ్రోకర్లు అడుగుతారు. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీ బదులు అన్ని సంతకాలూ చేసే అధికారం. ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ నాడు సంతకానికి మనిషి కావాలంటే అమ్మకో నాన్నకో అన్నకో, ఆ ఒక్క ఫ్లాటుకి, ఆ ఒక్క పనికి పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. సేల్ డీడ్ లేకుండా జీపీఏ మీదే జరిగే అమ్మకాలతో హక్కు మారదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి:

- ఓపెనా, ఎక్స్‌క్లూజివా అన్న మాట ఉందా?
- నా సొంత పార్టీల జాబితా జతచేశానా?
- "ఎవరు కొన్నా" అన్న వాక్యం ఎక్కడైనా దాక్కుందా?
- జీఎస్టీ కలిపా, విడిగానా?
- ప్రారంభం, ముగింపు తేదీలు ఉన్నాయా?
- ఖాళీ గళ్లు కొట్టేశానా?
- సంతకాలైన కాపీ నా దగ్గర ఉందా?

7. చూపించే రోజుల్లో

తాళం చెవి బ్రోకరుకి ఇచ్చేయకండి. గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చి, విజిటర్ రిజిస్టర్లో పేరు, టైము రాయించాకే ఇవ్వమనండి. యాప్ ఉన్న అపార్ట్‌మెంటైతే ఎంట్రీ దానంతట అదే రికార్డవుతుంది, నెలాఖరున స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. ఏ పార్టీ ఎవరితో ముందొచ్చిందో తేల్చడానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

మీ యాడ్లో రేటు, బ్రోకరు చెప్పే రేటు ఒకటే ఉండాలి. కొనేవాళ్లకి ఎక్కడ రేటు తక్కువ కనబడితే అక్కడికే ఫోన్ చేస్తారు. బ్రోకరు చూపించిన మనిషి విడిగా మీకు ఫోన్ చేసి "వాణ్ని వదిలేద్దాం, ఆ ఒక శాతం మనం మనం తగ్గించుకుందాం" అంటే ఆశపడకండి. దొరికిపోవడం ఖాయం. బ్రోకరుని వదిలేసినవాడు రేపు మీకిచ్చిన మాట మీద నిలబడతాడనే నమ్మకమూ లేదు.

8. టోకెన్, అగ్రిమెంటు

బయానా ఎంతైనా నేరుగా మీ బ్యాంకు ఖాతాలోకే రావాలి. "నా అకౌంట్లో వేయించి మీకు పంపిస్తా" అంటే కుదరదనండి. ఆస్తి అమ్మకం అడ్వాన్సుగా 20,000 లేదా అంతకన్నా ఎక్కువ నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడొచ్చు, అదీ తీసుకున్న మీకే. సగం బ్లాక్ ఇస్తానన్న పార్టీని తెచ్చి, మొత్తం మీద కమీషన్ అడిగే బ్రోకరుకి చెప్పాల్సిన జవాబు కూడా ఇదే.

టోకెన్ రసీదులో ధర, మిగతా సొమ్ము గడువు, బేరం చెడితే ఏమిటన్నది ఉండాలి. దాంట్లో బ్రోకరు పేరు సాక్షిగా ఉన్నా ఫరవాలేదు, కమీషన్ ప్రస్తావన మాత్రం వద్దు. అది మీకూ అతనికీ మధ్య ఉన్న వేరే కాగితం.

9. రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదే బ్రోకరు పక్కన నిలబడి "సార్, మనది?" అంటాడు. ఆ హడావిడిలో ఏటీఎంకి పరిగెత్తకండి. డబ్బు ఖాతాలో పడిందో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకుని, ఒప్పుకున్నది అదే రోజు ఖాతాకి బదిలీ చేయండి. ఆలస్యం చేయడం కూడా అన్యాయమే, అతనికి ఇదే జీతం.

రసీదులో పేరు, పాన్, ఫ్లాటు వివరం, మొత్తం, "అమ్మకం కమీషన్ పూర్తిగా ముట్టింది" అన్న మాట ఉండాలి. కారణం పన్ను. అమ్మకం కోసమే ఇచ్చిన బ్రోకరేజీని క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో అమ్మకం ఖర్చుగా తీసేయొచ్చు. 24 నెలలు దాటి ఉంచుకున్న ఇంటి మీద లాభానికి పన్ను 12.5 శాతం అనుకుంటే లక్ష కమీషన్ రసీదు మీకు 12,500 మిగులుస్తుంది. నగదుగా ఇచ్చి రసీదు లేకపోతే ఆ డబ్బూ పోయినట్టే. ఉద్యోగం చేసుకుంటూ సొంత ఇల్లు అమ్ముకునేవాళ్లు బ్రోకరుకిచ్చే ఇంత సొమ్ము మీద టీడీఎస్ కోయక్కర్లేదు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కోసి మిగతాదే మీకిస్తారు. దానికి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మీరు ఎన్నారై అయితే కోత ఇంతకన్నా చాలా ఎక్కువ, తక్కువ కోతకి ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఏదెలా ఉన్నా కమీషన్ లెక్క సేల్ డీడ్ ధర మీదే, చేతికొచ్చిన దాని మీద కాదు. ఇక్కడ మనమూ గీచిగీచి మాట్లాడకూడదు.

10. గొడవ వచ్చేస్తే

ఫోన్లో అరుచుకోవడం మానేసి అన్నీ రాతలోకి మార్చండి. వరసగా ఇవి చేయండి.

- ఒప్పందం, మెసేజ్‌లు, విజిటర్ రిజిస్టర్, నోటుబుక్కు పేజీ ఒకచోట పెట్టండి. ఫోన్ మార్చేముందు చాట్ బ్యాకప్ తీయండి.
- ఎంత ఇవ్వడానికి ఒప్పుకుంటున్నారో, ఎందుకో మెసేజ్ పెట్టండి. ఒప్పుకున్న భాగం వెంటనే ఇచ్చేయండి.
- నోటీసు వస్తే పక్కన పడేయకండి, లాయరుతో జవాబిప్పించండి.
- బ్రోకరు డబ్బు తీసుకుని పని చేయకపోతే వినియోగదారుల జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు.
- ఇంటికొచ్చి బెదిరిస్తే 112కి ఫోన్ చేయండి. కమీషన్ వసూలుకి ఇంటి ముందు మనుషుల్ని నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు.

బ్రోకరు మోసం చేశాడని రుజువుంటే, ఉదాహరణకి అసలు ఆఫర్ 92 లక్షలైతే మీకు 88 అని చెప్పి ఉంటే, తప్పు చేసిన ఆ పనికి ఏజెంటుకి ప్రతిఫలం హక్కు ఉండదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 220 అంటుంది. అందుకే అగ్రిమెంటు సంతకాల ముందు ఒక్కసారైనా కొనేవాళ్లతో నేరుగా కూర్చుని, బ్రోకరు ముందే, "మీరు ఎంతకి ఒప్పుకున్నారు?" అని అడగండి. మా విషయంలో ఆ ప్రశ్నకి రెండు నోళ్లలోంచి ఒకే అంకె వచ్చింది. బెల్లందూరులో మా స్నేహితుడు అడిగినప్పుడు మాత్రం లక్షన్నర తేడా వచ్చింది. బ్రోకరు అప్పుడే ఫోన్ మోగినట్టు బయటికి వెళ్లాడట, చెప్పులు అక్కడే వదిలేసి.